పంగలకర్ర ఎన్నిసార్లు వంగితే నమ్మాలి?

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో బోరు వేయించాలంటే చాలామంది రైతులు ముందు కబురు పెట్టేది నీళ్లు చూసే ఆయనకే. వేప పంగలకర్రో, అరచేతిలో కొబ్బరికాయో పట్టుకుని ఆయన చేనంతా తిరుగుతాడు. కర్ర వంగిన చోట, కాయ నిలబడిన చోట పాయింటు. "ఆయన పెట్టిన ఐదు పాయింట్లలోనూ నీళ్లు పడ్డాయి" అంటారు. ఆ మాట నిజమే కావచ్చు. అయినా అది రుజువు కాదు.

ఎక్కడ వేసినా రెండు బోర్లకు ఒకటి పడే నేల అనుకుందాం. అక్కడ కళ్లు మూసుకుని పాయింటు పెట్టినా, వరసగా ఐదూ పడే అవకాశం 32లో 1. నీళ్లు చూసేవాళ్లు వందమంది ఉంటే, ఏ శక్తీ లేకుండానే సుమారు ముగ్గురికి ఐదుకు ఐదూ పడతాయి. ఊరూరా పేరు మోగేది ఆ ముగ్గురిదే. ఫెయిలైన బోరు సంగతి రచ్చబండ దాకా రాదు, దాని అప్పు మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోతుంది.

ఇక్కడ నేల కింద ఉన్నది గట్టి బండ. నీళ్లుండేది దాని పగుళ్లలో. వంక పక్క పల్లంలో ఆశ కొంచెం ఎక్కువ, అనుభవమున్న కన్ను ఆ పల్లాన్ని ఇట్టే పసిగడుతుంది. కర్ర వంగడం నటన కానక్కర్లేదు. మనసులో అనుకున్న వైపుకు కండరాలు మనకు తెలియకుండానే కదులుతాయని విలియం కార్పెంటర్ 1852లోనే వివరించాడు.

శక్తి ఉందో లేదో తేల్చడానికి పది డ్రమ్ములు చాలు. చీట్లు తీసి ఐదింటిలో నీళ్లు నింపి, అన్నిటికీ మూతలు పెట్టాలి. నింపినవాళ్లు అక్కడ ఉండకూడదు, వాళ్ల ముఖమే జవాబు చెప్పేస్తుంది. పదిలో ఐదింటిని 252 రకాలుగా ఎంచుకోవచ్చు. కాబట్టి గుడ్డిగా ఐదూ సరిగ్గా చూపించే అవకాశం 252లో 1. నాలుగు చెప్పినా అబ్బో అనిపిస్తుంది గానీ, నాలుగో ఐదో సరిపోవడం పదిమందిలో ఒకరికి ఊరికే జరిగిపోతుంది. మూడుకు తగ్గకుండా చెప్పడం సగం మందికి సాధ్యమే. అందుకే ఎన్ని చెబితే నెగ్గినట్టో మూతలు తీయకముందే ఒప్పందం కావాలి.

డ్రమ్ము నీళ్లు వేరు, భూమిలో పారే నీళ్లు వేరు అనొచ్చు. జర్మనీలోని కాసెల్‌లో 1990లో భూమిలో గొట్టం పాతి, అందులో నీళ్లు పారుతున్నాయో లేదో చెప్పమన్నారు. నిబంధనలకు ముందే ఒప్పుకుని దిగినవాళ్ల ఫలితం బొమ్మా బొరుసు వేసినదానికి మించలేదు.

మీ ఊళ్లో నీళ్లు చూసే ఆయన పెట్టిన ప్రతి పాయింటూ, పడినదీ పడనిదీ, ఒక నోటుపుస్తకంలో రాయండి. ఎవరికీ చూపించకుండా వేసిన బోర్లు కూడా పక్క పేజీలో రాయండి. అప్పు చేసేముందు ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.