మీకు తెలుసా? ఆ రాజమహల్లో ఇప్పుడు డిప్లొమా క్లాసులు

రాజభవనం అంటే చాలామందికి మైసూరో, జైపూరో గుర్తొస్తుంది. జడ్చర్లవాళ్లు అంతదూరం పోనక్కర్లేదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా వెళ్లి కొత్తకోట దగ్గర మలుపు తిరిగితే వనపర్తి. అక్కడి సంస్థానాధీశుల మహల్లో 1959 నుంచి ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది! దర్బారు జరిగిన ప్రాంగణంలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ షీట్లు పట్టుకుని పిల్లలు తిరుగుతుంటారు.

నిజాం ఏలుబడిలో పాత మహబూబ్‌నగర్ జిల్లా సంస్థానాల గడ్డ. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు, గోపాల్‌పేట... నిజాంకు కప్పం కడుతూ ఎవరి ఇలాకాను వాళ్లు ఏలుకున్నారు. 1949లో జాగీర్దారీ రద్దయ్యాక ఆ కథ ముగిసింది.

వనపర్తి చివరి రాజా జె. రామేశ్వరరావు దౌత్యవేత్తగా పనిచేశారు, మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపిందీ ఆయనే. భార్య శాంతా రామేశ్వరరావు హైదరాబాద్‌లో విద్యారణ్య పాఠశాల స్థాపించారు. ఈ ఇంటికి చదువు మీద మక్కువ ఎక్కువే అనిపిస్తుంది.

గద్వాలదీ ఇంచుమించు అదే దారి. పెద సోమభూపాలుడు కట్టించిన కోటలో చెన్నకేశవాలయంతోపాటు, రాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట డిగ్రీ కాలేజీ ఉంది.

జడ్చర్ల నుంచి రైల్లోనూ వెళ్లొచ్చు. గద్వాల జడ్చర్ల మీదుగా వెళ్లే లైను మీదే ఉంది. వనపర్తికైతే బస్సే మేలు: ‘వనపర్తి రోడ్’ స్టేషన్ ఉన్నది వనపర్తిలో కాదు, మదనాపురంలో!