జనాభా లెక్కలలో 'ముస్లిమ్' జాతి: బోస్నియా అనుభవం

ఒక మనిషిని ముస్లిమ్ అన్నప్పుడు అతని ఈమాన్ గురించి చెబుతున్నామని మనం అనుకుంటాము. 1968 మొదలు పాతికేళ్లపాటు యుగోస్లావియాలో ఆ మాటకు ప్రభుత్వం ఇచ్చిన అర్థం మరొకటి కూడా ఉండేది. లాటిన్ లిపిలో చిన్న అక్షరంతో మొదలుపెట్టి వ్రాస్తే మతస్థుడు; పెద్ద అక్షరంతో వ్రాస్తే సెర్బు, క్రొయేటుల వలె ఒక జాతికి చెందినవాడు. ఉర్దూ, తెలుగు లిపులలో పెద్ద అక్షరం లేదు కనుక అనువాదకునికి ఇది చిక్కే. 'ముస్లిమ్ జాతీయుడు' అని సరిపెట్టుకోవలసి వస్తుంది.

1948 లెక్కలలో బోస్నియా ముస్లిములకు చూపిన దారులు మూడు: సెర్బు ముస్లిమ్, క్రొయేటు ముస్లిమ్, జాతి తేల్చుకోని ముస్లిమ్. వీరు కాలక్రమేణా మొదటి రెండింటిలో కలిసిపోతారని పాలకుల అంచనా. అయితే సెర్బులమన్నవారు సుమారు 72,000, క్రొయేటులమన్నవారు 25,000 మాత్రమే. ఏడున్నర లక్షలకు పైగా తేల్చుకోనివారుగానే నిలిచారు. 1953లో 'ముస్లిమ్' పదాన్నే తొలగించి 'జాతి తేల్చుకోని యుగోస్లావ్' అన్నారు. సుమారు 8,90,000 మంది అందులో చేరారు. చివరకు 1968లో బోస్నియా కమ్యూనిస్టు పార్టీ కేంద్ర సంఘం వీరిని ప్రత్యేక జాతిగా అంగీకరించింది. 1971లో 14,80,000 మంది, అంటే ఆ రిపబ్లిక్ జనాభాలో దాదాపు 40 శాతం, ఆ పేరుతో నమోదయ్యారు.

ఇదే ప్రభుత్వం 1946లో షరీఅత్ న్యాయస్థానాలను రద్దుచేసింది, 1950లో నఖాబును నిషేధించింది, 1952లో ఖాన్‌ఖాలను మూయించింది. దీన్ వ్యవస్థలను కుదించిన చేయే దాని పేరును ఒక కౌమ్‌కు తగిలించింది! ఫలితంగా నమాజు ఎరుగని నాస్తికుడు ఆ గడిలో 'ముస్లిమ్'. మసీదు విడువని కొసోవో అల్బేనియన్ మాత్రం కాడు. అయినా దీనిని కేవలం దగా అనటం న్యాయం కాదు. ఆ గుర్తింపుతోనే పదవులలో, పాలనలో వారికి సమాన జాతి హోదా దక్కింది. ఇరువైపులా కలవటానికి నిరాకరించిన ప్రజల పట్టుదలకే పాలకులు తలవంచారని నా అభిప్రాయం.

యుద్ధం నడుమ, 1993 సెప్టెంబరులో సరాయెవోలో సమావేశమైన వీరి ప్రతినిధులు 'బోస్నియాక్' అనే పేరు స్వీకరించారు. దీన్ పేరు దీన్‌కు తిరిగి వచ్చింది. గడులు మాత్రం పోలేదు. 1995 రాజ్యాంగం అధ్యక్ష మండలిని బోస్నియాక్, సెర్బు, క్రొయేటులకే పరిమితం చేసింది. ఒక యూదుడు, ఒక రోమా పౌరుడు వేసిన దావాలో ఇది వివక్షేనని 2009లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు చెప్పింది; ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి ఆ నిబంధన అలాగే ఉండిపోయింది.