మొదటి మీటింగ్‌కి ఎలా వెళ్ళాలి?

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఒక రాత్రి నాన్న నన్ను డాబా మీదకి పిలిచి, "ఒరేయ్, తాగుడు మానేసినవాళ్ళు ఏవో మీటింగులు పెట్టుకుంటారంటగా, నీ ఫోన్లో చూడు" అన్నారు. తన తాగుడు గురించి ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి. పది నిమిషాల్లో అడ్రస్ దొరికింది. ఆ గుమ్మం తొక్కడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. లోపల ఏం అడుగుతారో, ఎవరు చూస్తారో అన్న భయమే కారణం. ఆ భయం తగ్గించడానికే ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా, మీ రూమ్మేట్‌కైనా, మీకైనా పనికిరావచ్చు.

మేం వెళ్ళింది ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్‌కి. అందరూ 'ఏఏ' అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్ళో మొదలైంది. బిల్ అనే స్టాక్ బ్రోకర్ పని మీద ఆ ఊరొచ్చాడు. అనుకున్న పని చెడిపోయింది, మళ్ళీ తాగేస్తానేమోనని భయం పట్టుకుంది. తనలాంటి తాగుబోతు ఇంకొకడితో మాట్లాడితే తట్టుకోగలనని వెతికితే, బాబ్ అనే సర్జన్ దొరికాడు. ఇద్దరూ ఒకరికొకరు ఆసరా అయ్యారు. ఇప్పటికీ మీటింగ్ అంటే అంతే. లెక్చర్ ఇచ్చేవాళ్ళు ఉండరు, ఆ బాధ పడ్డవాళ్ళే ఉంటారు.

ఇక వెతకడం. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊళ్ళవారీగా వివరాలు, హెల్ప్‌లైన్ నంబర్లు ఉంటాయి. హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో గ్రూపులున్నాయి. దగ్గర్లో లేకపోతే ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి. వెళ్ళేముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. ఒకటి, తెలుగులో జరుగుతుందా? నాన్నకి ఇంగ్లీష్ మీటింగ్ దొరికితే ఏం లాభం? రెండు, ఓపెనా, క్లోజ్డా? ఓపెన్ మీటింగ్‌కి ఇంట్లోవాళ్ళు, స్నేహితులు కూడా వెళ్ళొచ్చు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునేవాళ్ళకే. మూడు, టైమింగ్ మారలేదు కదా? నెట్‌లో ఉన్నది పాతదై ఉండొచ్చు.

లోపల ఫీజు లేదు, ఇష్టమైనవాళ్ళు తోచినంత వేస్తారు. ఇంటిపేరు చెప్పక్కర్లేదు. మాట్లాడాలని లేకపోతే ఊరికే కూర్చుని వినొచ్చు. సభ్యత్వానికి ఒకటే షరతు: తాగుడు మానాలన్న కోరిక. కొన్ని మీటింగులు చర్చి గదుల్లో జరుగుతాయి, మాటల్లో దేవుడి ప్రస్తావనా వస్తుంది. అయినా ఏఏ ఏ మతానికీ చెందింది కాదు. ఎవరి నమ్మకం వాళ్ళదే. మేం వెళ్ళింది ఓపెన్ మీటింగ్. అక్కడ ఎవరేం చెప్పారో నేను రాయను. విన్నది అక్కడే వదిలెయ్యాలన్నది వాళ్ళ పద్ధతి. ఒక్కటి మాత్రం చెప్తాను: నాన్న తలొంచుకుని వెళ్ళారు, కాసేపటికి తలెత్తి వినడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ మూడు వారాల మధ్యలో నాన్న పంతం పట్టి ఒక్కసారిగా మానేశారు. రెండోరోజుకి చేతులు వణుకు, చెమటలు, ఎవరో పిలుస్తున్నారని అనడం. అమ్మ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మందు మెదడుకి బ్రేక్ లాంటిది. ఏళ్ళ తరబడి బ్రేక్ నొక్కి ఉంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు యాక్సిలరేటర్ తొక్కుతూ ఉంటుంది. బ్రేక్ హఠాత్తుగా తీసేస్తే బండి అదుపు తప్పుతుంది. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకీ రావచ్చు. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు డాక్టర్‌ని కలిసి, ఆయన పర్యవేక్షణలోనే మానాలి. మీటింగ్ మందులకి బదులు కాదు. మందుల కోర్సు అయిపోయాక కూడా మళ్ళీ సీసా పట్టకుండా ఉండటానికి అది తోడు.

పనిచేస్తుందా అంటే, 2020లో కాక్రేన్ సంస్థ ఎన్నో అధ్యయనాలను కలిపి చూసింది. పూర్తిగా మానేసి ఉండే విషయంలో, ఏఏకి వెళ్ళేలా పద్ధతిగా నడిపించే చికిత్సలు మిగతా పేరున్న చికిత్సలకంటే మెరుగ్గా ఉన్నాయని తేల్చింది. అందరికీ పడుతుందని కాదు. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకో గ్రూపుకి వెళ్ళి చూడాలి.

ఇంట్లోవాళ్ళకోసం అల్-అనాన్ అని విడిగా ఉంది. తాగేవాళ్ళు మానినా మానకపోయినా వెళ్ళొచ్చు. అమ్మ ఇంకా వెళ్ళలేదు, "నాకేం జబ్బురా" అంటోంది. నేను అడుగుతూనే ఉన్నాను.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, మత్తు మానడానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 ఉంది. మనసు బాగోకపోతే టెలి మానస్, 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాన్న మధ్యలో ఒకసారి జారారు. మళ్ళీ వెళ్ళారు. ఎవరూ ఏమీ అనలేదట. ఇప్పుడు రోజూ రాత్రి ఫోన్ చేసి "ఇవాళ లేదురా" అంటారు. అంతకుమించి నేనూ అడగను. మీ రూమ్మేట్ ఎప్పుడైనా "ఏదైనా మీటింగ్ ఉందేమో చూడరా" అంటే, రేపు చూద్దాం అనకండి. అప్పుడే చూడండి, వీలైతే గుమ్మం దాకా తోడు వెళ్ళండి.