తెల్లకోటు కింద వేతన శ్రమ

వైద్యుణ్ణి, న్యాయవాదిని, ఆఖరికి కవిని కూడా పెట్టుబడి తన జీతగాళ్లుగా మార్చుకుందని 1848లోనే కమ్యూనిస్టు ప్రణాళిక చెప్పింది. ఈ మాట మన సభల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. కాని కథలోకి వచ్చేసరికి మన డాక్టరు ఇంకా సొంత బోర్డు కిందే కూర్చుని ఉంటాడు. మంచివాడైతే బీదవాడి దగ్గర ఫీజు తీసుకోడు. చెడ్డవాడైతే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తి డబ్బు గుంజుతాడు. రెండు సందర్భాల్లోనూ నిర్ణయం అతనిదే, పాపపుణ్యాలూ అతనివే. బోర్డు అతనిది కానప్పుడు, కుర్చీ అతనిది కానప్పుడు, రోగి కూడా అతని రోగి కానప్పుడు ఆ నిర్ణయం ఏమవుతుంది? ఈ ప్రశ్నను కార్పొరేట్ దంతవైద్యశాలల ఉదాహరణతో పరిశీలించాలని నా ప్రయత్నం.

పళ్లనే ఎందుకు తీసుకున్నానంటే, ఇక్కడ విషయం నగ్నంగా కనిపిస్తుంది. గుండెపోటు వచ్చినవాడికి బేరమాడే వ్యవధి ఉండదు. పుచ్చిపోవటం మొదలైన పన్ను నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆగుతుంది. పంటి పైపొర మీద కనిపించే తొలి మచ్చను తొలిచి పూడ్చనక్కర్లేకుండా ఫ్లోరైడు పూసి, తోముకునే పద్ధతి సరిచేసి, కనిపెట్టి చూడవచ్చు. ఎప్పుడు చూస్తూ ఉండాలి, ఎప్పుడు తొలవాలి అన్న దాంట్లో నిజాయితీపరులైన ఇద్దరు డాక్టర్లకే భేదాభిప్రాయం రావచ్చు. లాభం ప్రవేశించే సందు సరిగ్గా అదే.

ఇది ఇవాళ పుట్టింది కాదు. అమెరికా పశ్చిమతీరంలో ఎడ్గార్ పార్కర్ అనే దంతవైద్యుడు ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలోనే వరసగా క్లినిక్కులు తెరిచి, డజన్లకొద్దీ డాక్టర్లను జీతాలకు పెట్టుకున్నాడు. 'నొప్పి లేకుండా' అనే ప్రచారం మీద చట్టం అభ్యంతరం చెబితే, 1915లో ఆ మాటనే తన అసలు పేరుగా మార్చుకున్నాడు. బ్యాండు మేళాలతో, సర్కసు ఆర్భాటంతో జనాన్ని పోగుచేసిన మనిషి. నవ్వొస్తుంది గాని, అతడు కనీసం తానూ పళ్లు పీకినవాడే. ఆ తర్వాత వచ్చిన యజమానికి పన్ను పీకటం తెలియనక్కర్లేదు. అక్కడ చాలా రాష్ట్రాల చట్టాలు దంతవైద్యుడు కానివాడు క్లినిక్కుకు యజమాని కాకూడదంటాయి. కాబట్టి కంపెనీ తాను 'నిర్వహణ సేవలు' మాత్రమే అందిస్తున్నానంటుంది. కాగితం మీద ఒక డాక్టరు యజమానిగా ఉంటాడు. బీద పిల్లలకు వైద్యం చేసే 'స్మాల్ స్మైల్స్' క్లినిక్కుల నిర్వహణ సంస్థ, అవసరం లేని చికిత్సలకు ప్రభుత్వ సొమ్ము రాబట్టిందన్న ఆరోపణ మీద 2010లో 2 కోట్ల 40 లక్షల డాలర్లు చెల్లించటానికి ఒప్పుకుంది. పాలపళ్లకు నాడి చికిత్సలు, ఉక్కు తొడుగులు ఆ ఆరోపణల్లో ముఖ్యమైనవి. 2013లో సెనేటు సంఘాల నివేదిక కూడా, ఇలాంటి ఏర్పాట్లలో డాక్టరు యాజమాన్యం పేరుకే మిగులుతోందని ఎత్తి చూపింది. మన దగ్గర ఇంత తిరకాసు అక్కర్లేకపోయింది. కంపెనీ తన పేరే బోర్డు మీద రాసుకుంటుంది.

మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నా దగ్గర తెలుగు చదువుకున్న అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో అలాంటి ఒక క్లినిక్కులో పనిచేస్తోంది. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. వాళ్ల నాన్న ఎకరం పొలం అమ్మి ప్రైవేటు కాలేజీలో బీడీఎస్ చదివించాడు. మిగిలింది బ్యాంకు అప్పు. సొంత క్లినిక్కు పెట్టాలంటే కుర్చీ, కంప్రెసరు, ఎక్స్‌రే, అడ్వాన్సు, అద్దె అన్నీ కలిపి మళ్లీ లక్షలే. కాబట్టి ఉద్యోగం. ఆదివారాలు కూర్చోబెట్టి ఆమె దినచర్య అడిగి తెలుసుకున్నాను. "మాస్టారూ, ఇందులో కథేముంటుంది?" అన్నదామె. చాలా ఉంది.

పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో బ్రాంచి టార్గెట్ వస్తుంది. నెల మొదట్లో పెద్ద అంకె, నెలాఖరుకు ఇంకా ఎంత తక్కువో చెప్పే ఎర్ర అంకె. ఆమెకు స్థిరమైన జీతం కొంత. తాను చేసిన పని మీద వసూలైన మొత్తం ఒక హద్దు దాటితే, దాటినదాని మీద శాతం. ఆ వసూలులోంచి ల్యాబు ఖర్చు ముందే తీసేస్తారు. 'ఉచిత పరీక్ష' ప్రకటన చూసి వచ్చిన మనిషిని ఆమె చూస్తుంది, రాస్తుంది. ధర మాత్రం ఆమె చెప్పదు. ఫ్రంట్ డెస్క్ దగ్గర ఇంకొకరు చెబుతారు, నెలవారీ వాయిదాలకు ఫైనాన్సు కంపెనీ కాగితాలు కూడా అక్కడే సిద్ధం. పదిమందిని చూస్తే ఎంతమంది ఒప్పుకున్నారన్నదానికి 'కన్వర్షన్' అని పేరు. మతం మార్పిడికి వాడే మాటే ఇక్కడా వాడటం కాకతాళీయమే కావచ్చు గాని, భాష చదువుకున్నవాణ్ణి, నాకు చెవిలో గుచ్చుకుంది.

ఇంకో వివరం మీద నేను చాలాసేపు ఆగిపోయాను. నెలాఖరు నివేదికలో రూట్ కెనాల్‌కి గడి ఉంది, క్యాపుకి గడి ఉంది, ఇంప్లాంటుకి, క్లీనింగుకి ఉన్నాయి. 'చూశాను, ఇప్పుడు ఏమీ చెయ్యక్కర్లేదు, ఆరు నెలల తర్వాత రండి' అన్నదానికి గడి లేదు. ఆమె చేసే పనిలో అన్నిటికంటె ఎక్కువ చదువు అవసరమయ్యేది ఆ ఒక్క వాక్యానికే. లెక్కలో అది సున్నా. ఎవరూ వచ్చి అబద్ధం చెప్పమని ఆమెను అడగలేదు. సమీక్షలో మేనేజరు, ఆయన దంతవైద్యుడు కాదు, "మీ కన్వర్షన్ ఎందుకు తక్కువగా ఉంది డాక్టర్‌గారూ?" అని మర్యాదగా అడిగాడు, అంతే. ఆ తర్వాత నుంచి 'చూద్దాం' అనే చోట 'ఇప్పుడే చేయించుకుంటే మంచిది' అనే మాట నోటికి ముందు వస్తోందని ఆమే చెప్పింది. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. పరాయీకరణ అన్న మాటకు విద్యార్థులు ఉదాహరణ అడిగినప్పుడు ఇకనుంచి నేను ఈ క్రియారూపాల తేడానే చెబుతాను.

దీన్నిబట్టి పాత రోజుల సొంత క్లినిక్కు స్వర్గమని ఎవరైనా అంటే ఒప్పుకోను. అక్కడా జూనియర్లకు చేతిలో పెట్టింది అంతంతమాత్రమే, అదీ నెల తిరిగాక. పరికరాలు సరిగా ఉడకబెట్టనివాళ్లున్నారు. ఇప్పుడు ఆమె పనిచేసే చోట ప్రతి సామగ్రీ సీలు వేసిన కవరులోంచి వస్తుంది, జీతం ఒకటో తారీకున పడుతుంది. ఆ మేలు చిన్నది కాదు. కాని శుభ్రతను తెచ్చిన చెయ్యే గడిని కూడా తెచ్చింది. ఈ రెంటినీ ఒకే పేజీలో రాయగలిగినవాడే ఈ కథ రాయగలడు.

నిజానికి మా ఉపాధ్యాయ వృత్తిలో ఈ నాటకం ముందే జరిగింది. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో లెక్చరర్లు వేసవి సెలవుల్లో ఊళ్లు తిరిగి అడ్మిషన్లు తేవలసి రావటం తెలుగునాట అందరికీ తెలిసిందే. పాఠం చెప్పేవాడు సరుకు అమ్మేవాడయ్యాడు. పంటి డాక్టరు ఆ దారినే వస్తోంది.

ఫ్రాంక్ నారిస్ 1899లో వెలువరించిన 'మెక్‌టీగ్' నవలలో కథానాయకుడు శాన్‌ఫ్రాన్సిస్కో పళ్ల డాక్టరు. డిప్లొమా లేదని తేలి వృత్తి పోతుంది, పనిముట్లు పోతాయి, ముచ్చటపడి కిటికీ బయట వేలాడదీసుకున్న పెద్ద బంగారుపూత పన్ను కూడా పోతుంది. పోవటానికి అతనికి అవి ఉన్నాయి. నా శిష్యురాలికి డిప్లొమా ఉంది, మిగతావేవీ లేవు. ఉద్యోగం మానేస్తే రోగుల ఫైళ్లు కంపెనీ కంప్యూటరులోనే ఉంటాయి. రెండేళ్లుగా ఆమెనే వెతుక్కుంటూ వచ్చిన ముసలావిడకు, డాక్టరమ్మ ఎక్కడికి వెళ్లిందో చెప్పే నాథుడుండడు.

ఇటీవల ఒక యువరచయిత నాకు పంపిన కథలో ఇలాంటి డాక్టరే మంచి పళ్లు పీకే రాక్షసి. కోపం న్యాయమైనదే, గురి తప్పింది. ఆమె దోపిడికి గురవుతోంది, దోపిడి ఆమె చేతులమీదుగానే జరుగుతోంది. ఒకదాన్ని వదిలేస్తే కరపత్రం వస్తుంది, రెండోదాన్ని వదిలేస్తే కన్నీళ్లు వస్తాయి. అదీగాక ఆ కథలో కుర్చీ పక్కన నిలబడే అసిస్టెంటు అమ్మాయికి ఒక్క సంభాషణ కూడా లేదు. ఇంటర్ చదివి, డాక్టరు జీతంలో సగం కూడా లేని జీతానికి, రోజంతా నిలబడి లాలాజలం పీల్చే గొట్టం పట్టుకునేది ఆమె. ఆఖరి రోగి వెళ్లిపోయాక పరికరాలు కడిగి, కవర్లలో సర్ది, ఆటోక్లేవ్ ఆగేదాకా ఉండాల్సిందీ ఆమే. అప్పటికి డాక్టరు క్యాబ్ ఎక్కి వెళ్లిపోయి ఉంటుంది, బస్సులు పలచబడి ఉంటాయి.