పాత బట్టల బేరం

మీ ఇంట్లో బిగుతైపోయిన చొక్కా, వెలిసిపోయిన చీర ఉన్నాయనుకోండి. అవి మీకు ఎందుకూ పనికిరావు. అయినా బజారులో వాటికి ధర పలుకుతుంది. ఉపాంత ప్రయోజనం మనిషిని బట్టి మారడమే ఇందుకు కారణం. మీకు పదో చొక్కా అయినది, ఒకే చొక్కా ఉన్న కూలీకి మార్చుకోవడానికి రెండోది.

అయితే బట్టలు మీ పెట్టెలోంచి అతని దాకా వెళ్ళేదెలా? స్టీలు సామాను తట్ట నెత్తిన పెట్టుకొని వీధుల్లో తిరిగే స్త్రీని మీరు చూసే ఉంటారు. పాత బట్టలకు గిన్నె ఇస్తుంది, ఇది వస్తుమార్పిడి. గిన్నె వెల ఆమెకు తెలుసు. బట్టల వెల మాత్రం గుమ్మంలో నిలబడే అంచనా కట్టాలి. మడతలో చిరుగు కనబడకపోతే నష్టం ఆమెదే. 'ఇంకో చీర వెయ్యమ్మా' అన్నందుకు మా ఇంట్లో ఆమెను గడుసుదన్నాం. లెక్క కడితే గడుసుతనం మాదేనని తేలింది.

ఢిల్లీ రఘుబీర్ నగర్‌లో, గుజరాత్ మూలాలున్న వాఘ్రీలు ఇలా సేకరించిన బట్టలను తెల్లవారకముందే అమ్మకానికి పెడతారు. కొన్నవారు ఉతికి, చిరుగులు కుట్టి, ఇస్త్రీ చేసి వారపు సంతలకు పంపుతారు. హైదరాబాదులో గురువారం సాగే జుమ్మేరాత్ బజారులోనూ పాత బట్టలు దొరుకుతాయి. తొడుక్కోవడానికి పనికిరానివి తుడుపుగుడ్డలవుతాయి. పాత ఉన్ని బట్టలు పానిపట్టు మిల్లుల్లో మళ్ళీ దారమై కంబళ్ళవుతాయి.

మీరే సంతలో అమ్మదలిస్తే ఉతుకు, కుట్టు, దారిఖర్చులతోపాటు అక్కడ కూర్చున్న గంటలకు కూలీ కూడా లెక్కవేయండి. మిగిలింది గిన్నె ధరను మించుతుందేమో చూడండి.