విపరీత వక్రీభవనము

కురుపాము చుట్టునుగల గెడ్డలలో చేపను బల్లెముతో పొడువ జూచినవారికి వక్రీభవన సూత్రమును వేరుగా బోధింప నక్కరలేదు. చేప కనబడుచోట చేప యుండదు. దానికి కొంచెము క్రిందుగా గురి పెట్టవలెను. చేపనుండి బయలుదేరిన వెలుగు నీటిని విడిచి గాలిలోనికి వచ్చునప్పుడు వంగుటచేత మన కన్ను మోసపోవుచున్నది. నాలుగడుగుల లోతున నున్న చేపను నిలువుగా పైనుండి చూచినచో మూడడుగుల లోతుననే యున్నట్లు తోచును. నీటి వక్రీభవన గుణకము సుమారు 1.33 అని పై తరగతుల విద్యార్థులు ఎరుగుదురు.

ఆ 1.33 కు ముందు ఋణచిహ్న ముంచినచో నేమగును? ఇది పరిహాసపు ప్రశ్నవలె తోచవచ్చును గాని, గణితము దీనికి సూటిగా జవాబు చెప్పుచున్నది. అట్టి నీటిలోని చేప నీటి మట్టమునకు మూడడుగులు పైన, గాలిలో తేలుచున్నట్లు కనబడవలెను! ఇట్టి నీరు నాగావళిలోనే కాదు, లోకమునందు మరి యే నదిలోను లేదు. అయినను ఇట్టి గుణముగల కట్టడములను మనుష్యులు తమ చేతులతో నిర్మించియున్నారు. వాని సంగతినే మే మిచ్చట వివరింప బూనితిమి.

నీటి యుపరితలమునకు ఒక లంబమును గీచితిమనుకొనుడు. గాలిలో లంబమునకు ఎడమప్రక్కనుండి వచ్చిన కిరణము నీటిలో ప్రవేశించి కుడిప్రక్కకు పోవును. నీరైనను గాజైనను వజ్రమైనను ఆ కిరణమును ఎంతయో కొంత వంచునే గాని, వచ్చిన ప్రక్కకే మరలింపదు. మరలించు పదార్థ ముండిన నెట్లుండునో 1967 వ సంవత్సరమున రష్యా దేశీయుడైన విక్టర్ వెసెలాగో విచారించెను. వెలుగు విద్యుదయస్కాంత తరంగము. దాని విద్యుద్బలమునకు పదార్థ మొక విధముగా బదులు చెప్పును; అయస్కాంతబలమునకు వేరొక విధముగా బదులు చెప్పును. ఈ రెండు బదుళ్లలో ఒక్కటి మాత్రమే విపరీతమైనచో తరంగము లోనికి పోజాలక తిరిగిపోవును. రెండును విపరీతమైనచో దారి మరల తెరచుకొనును. కాని కిరణము తప్పుప్రక్కకు వంగును. ఋణమును ఋణముచే గుణించిన ధనము వచ్చుననుటను లెక్కలలో విసుగుకొనుచు నేర్చుకొన్న బాలురకు ఇం దొక సంతోషము గలదు. వెసెలాగో చెప్పిన పదార్థ మెచ్చటను దొరకనందున ఆ సిద్ధాంతము ముప్పదియేండ్లకు పైగా కాగితముమీదనే నిలిచిపోయెను.

విపరీతమైన బదులనగా నేమో తెలియుటకు ఒక దారము, ఒక గులకరాయి చాలును. మూరెడు దారమునకు రాయిని కట్టి వ్రేలాడదీసి, చేతిని మెల్లగా అటునిటు కదపుడు. రాయి చేతితోకూడ పోవును. కొంచెము వేగము హెచ్చింపగా, రాయి తన సహజమైన ఊపునకు వచ్చి మిక్కిలిగా ఊగును. ఇంకను వేగముగా కదపుడు. చేయి కుడికి పోవునప్పుడు రాయి ఎడమకు పోవుచుండును. రాయి మారలేదు, దారము మారలేదు. కదపు వేగ మొక్కటే మారినది. ఈ ప్రయోగమును చదివి యూరకుండక చేసి చూడవలెనని మా కోరిక, ఏలయన తక్కిన కథ యంతయు ఈ రాతిమీదనే ఆధారపడియున్నది.

లండనులోని ఇంపీరియల్ కళాశాలకు చెందిన జాన్ పెండ్రీ, సన్నని తీగల వరుసలును చీలికగల చిన్న లోహపు ఉంగరములును తరంగమునకు ఇట్టి రాళ్లవలె పనిచేయునని 1990 తరువాతి సంవత్సరములలో చూపెను. తీగలు విద్యుద్బలమునకును, ఉంగరములు అయస్కాంతబలమునకును విపరీతముగా బదులు చెప్పును. అమెరికాలోని శాన్‌డియాగోలో షెల్బీ, స్మిత్, షుల్జ్ అనువారు రాగి తీగలను ఉంగరములను పలకలపై అమర్చి ఒక పట్టకమును చేసి, 2001 లో దానిగుండ మూడు సెంటీమీటర్లకు కొంచెము తక్కువ పొడవుగల మైక్రోతరంగములను పంపిరి. కిరణము తప్పుప్రక్కకే వంగెను. గుణకము ఋణము 2.7 అని తేలెను. అది అసాధ్యమని మరుసటి యేట కొందరు వాదించిరి. 2003 లో ఇతరులు వేరు పరికరములతో పరీక్షించి మొదటి ఫలితమునే కనుగొనిరి.

రాగికి ఈ గుణము లేదు. రాగి అమరికకు గలదు. ఉంగరములు తరంగముకన్న మిక్కిలి చిన్నవగుటచేత తరంగము వానిని విడివిడిగా గుర్తింపక అంతయు నొకే పదార్థముగా భావించును. అమరికచే గుణమును పుట్టించుట మన దేశమునకు క్రొత్త గాదు. జగదీశచంద్ర బోసు కలకత్తాలో జనుపనారను మెలిపెట్టి, దానిగుండ విద్యుత్తరంగములను పంపి, మెలిక యే ప్రక్కకు తిరిగియున్నచో తరంగపు కంపనతలమును దాని ననుసరించి తిరుగుట 1898 లోనే ప్రకటించెను. గోనెసంచులు నేయు నారయే గదా అది!

ధ్వనికిని ఈ విద్య చెల్లును. ధ్వని విషయమున పదార్థముయొక్క సాంద్రత, నొక్కుడునకు లొంగని బిగువు అను రెండును పైని చెప్పిన రెండు బదుళ్ల స్థానము నాక్రమించును. 2000 వ సంవత్సరమున హాంకాంగు శాస్త్రజ్ఞులు సీసపు గుండ్లకు మెత్తని రబ్బరు తొడిగి గట్టి జిగురులో పొదిగిరి. గుండు రాయి, రబ్బరు దారము. సెకనుకు కొన్ని వందల కంపనములుగల ధ్వనిని ఆ పలుచని దిమ్మ ఆపివేసెను. 2004 లో కెనడాలోను హాంకాంగులోను ఉన్నవారు కలసి వేరొక మార్గము త్రొక్కిరి: గట్టి టంగ్‌స్టన్ కార్బైడు పూసలను నీటిలో వరుసగా పేర్చి, వాని యెడములను తరంగపు పొడవునకు సరిపోల్చి, చెవికి వినరాని హెచ్చుధ్వనిని చదునైన దిమ్మతోనే ఒకచోటికి చేర్చిరి. తరంగపు పొడవునకు సరిపడు పొరలు తరంగమును దారి మరలించుట మన వాల్తేరునకు పరిచితమే. సూరి భగవంతముగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇట్టి హెచ్చుధ్వనులపై పరిశోధనలు చేసిరి. ధ్వని ద్రవములో దట్టపు పొరలను పలుచని పొరలను కల్పింపగా, వానిగుండ పోవు వెలుగు చీలిపోవును. అది విపరీత వక్రీభవనము కాదు, దానికి పినతల్లి బిడ్డ.

ఇంత శ్రమ యెందులకని తల్లిదండ్రు లడుగవచ్చును. మన్యపు జ్వరము నెరిగిన మనకు సూక్ష్మదర్శిని విలువ తెలియును. 1897 ఆగస్టు 20 న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపుగోడలో మలేరియా క్రిమిని చూచెను. ఆ క్రిమి వెలుగు తరంగముకన్న పెద్దది గనుక కనబడెను. తరంగపు పొడవులో సుమారు సగముకన్న చిన్నదానిని సామాన్య కటకము విడదీసి చూపజాలదని జర్మనీలోని ఎర్న్‌స్ట్ అబ్బే 1873 లోనే తేల్చెను. అందుచేత పెక్కు వైరసులు దానికి కనబడవు. గుణకము సరిగా ఋణము ఒకటియైన చదునుపలక ఈ హద్దును దాటునని పెండ్రీ 2000 లో వ్రాసెను. 2005 లో బర్కిలీ శాస్త్రజ్ఞులు 35 నానోమీటర్ల మందముగల వెండిపొరతో, 365 నానోమీటర్ల వెలుగులో, 60 నానోమీటర్ల వెడల్పుగల గీతలను విడదీసి చూపిరి.

పత్రికలలో వచ్చిన ఆర్భాటమును మాత్రము మేము నమ్మము. ఆ వెండిపొర చూడవలసిన వస్తువును దాదాపు తాకుచుండవలెను. ఈ కట్టడములు కొద్ది కంపనములకే పనిచేయును. అంతేగాక లోహము వెలుగును మ్రింగివేయును. చిన్నవానిని చూచుటలో మెరుపు రసాయనములతో ముందుగా గెలిచినవారు వేరొకరు. వారికి 2014 లో నోబెల్ బహుమాన మిచ్చిరి. జ్వరపీడితుని రక్తపుచుక్కను గాజుపలకపై పరచి చూచునప్పుడు మన పరీక్షాలయములలో నేటికిని పనిచేయుచున్నది పాత గాజుకటకమే.