బుడమేరు, కొల్లేరు: అపోహలు – వాస్తవాలు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగాక, వన్ టౌన్‌లో నలుగురు చేరితే ఏరు బాగుచేయాలన్న మాటే. ఎలా అన్న దగ్గరే చిక్కు. అక్కడ కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: బుడమేరు ఊరి మురుగుకాలువ.
వాస్తవం: మురుగు మనం కలిపింది. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటి సరస్సులో కలిసే ఏరది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర వరదను డైవర్షన్ కాలువలోకి వదిలి కృష్ణకు మళ్లిస్తారు. 2024లో ఆ కాలువ గట్లకు గండ్లు పడ్డాయి. ఏరు పరుచుకునే పల్లపు నేలల్లో అప్పటికే కాలనీలు లేచాయి.

అపోహ: పూడిక తీసి, రెండు పక్కలా గోడ కట్టి, పార్కు వేస్తే సరి.
వాస్తవం: వరద పోవడానికి పూడికతీత కావాలి, కొన్నిచోట్ల గోడా తప్పదు. జీవాలకు మాత్రం ఏటవాలు మట్టిగట్టు, లోతు తక్కువ అంచు, జమ్ము, తుంగ ఉండాలి. కప్ప గుడ్లు పెట్టేది, చేపపిల్ల దాక్కునేది ఆ అంచునే. నిలువు గోడ ఎక్కి తాబేలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు రాలేదు.

అపోహ: గుర్రపుడెక్క పచ్చగా ఉంటే నీరు బాగున్నట్టే.
వాస్తవం: దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కలుపు అది. మురుగులోని ఎరువు తిని పెరుగుతుంది. నీటిమీద చాపలా కమ్మి ఎండను ఆపేస్తుంది, అడుగున ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. మురుగు ఆపకుండా డెక్క ఎన్నిసార్లు తీసినా మళ్లీ వస్తుంది.

అపోహ: కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులు ఉన్నాయి కాబట్టి కొల్లేరు క్షేమం. సరస్సులో తవ్విన చేపల చెరువైనా నీళ్లే కదా!
వాస్తవం: ఆటపాక గూడబాతుల్లో చాలావాటి గూళ్లు అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదే. లోతైన చెరువులో అవి చేప పట్టుకోగలవు. ఉల్లంకి పిట్టకు ఆ లోతుతో పనిలేదు. నీరు తీసిన బురదలో ముక్కు దించి పురుగు ఏరుకోవాలి. వానకు పెరిగి ఎండకు తగ్గే సరస్సులోనే ఆ బురద దొరుకుతుంది. ఏడాదంతా ఒకే మట్టాన నీరు నిలిపే చెరువులో దొరకదు.

అపోహ: చేపల చెరువుల గట్లు కొట్టేశారు, కొల్లేరు పని అయిపోయింది.
వాస్తవం: 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో ఆ గట్లు కూల్చే ఆపరేషన్ కొల్లేరు. గట్లు పేల్చినా తర్వాత ఎన్నో చెరువులు మళ్లీ లేచాయి. సంప్రదాయ వలలతో చేపలు పట్టుకునేవారి బతుకు సరస్సుతోనే ముడిపడి ఉంది. వారి జీవనోపాధి చూడకుండా ఏ గట్టు కూల్చినా ఆ పని నిలవదు. గట్లతోనే పని తీరదు: కొల్లేటి నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. ఆ దారి ఇరుకైతే పైన బుడమేరును ఎంత వెడల్పు చేసినా వరద సరస్సు చుట్టుపక్కల ఊళ్లలోనే నిలుస్తుంది. పని మొదలుపెట్టాల్సింది ఆ చివరి నుంచి కూడా.